మీ ఇష్టం, కెప్టెన్

మా పెళ్లయి పాతికేళ్లయిన ఏడాది నా భార్య నన్ను ఒకే ఒక్కటి అడిగింది. క్వీన్స్‌లాండ్ దీవుల దగ్గర, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే తెల్లటి ఇసుకదిబ్బ ఒకటి ఉందట. దాని మీద నడవాలని. మాది కరీంనగర్ వైపు. సముద్రమంటే మెల్‌బోర్న్‌లో ఒడ్డున కూర్చుని చిప్స్ తింటూ చూసిందే.

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో, ఇంట్లో కూర్చునే పడవ వెతికాను. టర్కీలో కట్టి ఇక్కడికి తెచ్చిన పెద్ద చెక్క పడవ, గులెట్ అంటారు. కెప్టెనూ, వంటచేసే ఆయన భార్యా పడవతోనే వస్తారు. మూడు రోజులు పడవంతా మనదే. బుక్ చేయగానే ఒక ఫారం పంపారు. ఏం తింటారు, ఎక్కడెక్కడ ఆగాలి? ముక్కూమొహం తెలియనివాళ్లకు అప్పుడే కోరికల చిట్టా విప్పుతామా? అన్ని గళ్లలోనూ ‘ఏదైనా పర్వాలేదు’ అని నింపాను. ఎవరింటికి వెళ్లినా, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా, ఇప్పుడే తిని వచ్చానని చెప్పే రకం నేను.

మొదటిరోజు పొద్దున కెప్టెన్ చిన్న గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి, నా ముందు మ్యాప్ పరిచాడు. అరవై దాటిన మనిషి. ఎక్కడికి వెళ్దామని ఇంగ్లిష్‌లో అడిగాడు.

“మీ ఇష్టం, కెప్టెన్.”

“పడవ మీది సర్. మీరే చెప్పాలి.”

“మీకు తెలియనిదేముంది?”

ఆయన మళ్లీ అడిగాడు. నేను మళ్లీ నవ్వాను. చివరికి ఈతకు మంచి చోటంటూ ఒక మలుపు దగ్గర లంగరు వేశాడు. మా ఇద్దరికీ ఈత రాదు. అదీ చెప్పలేదు. లైఫ్ జాకెట్లు తగిలించుకుని, నిచ్చెన చివర కూర్చుని కాళ్లు తడుపుకున్నాం.

నా భార్య మోచేత్తో పొడిచింది. “ఆ ఇసుక ముచ్చట చెప్పరాదు!”

“రేపు చెప్త తియ్. ఇప్పుడే లంగరేసిండు, మళ్ల తియ్యమంటే ఏమనుకుంటడు?”

“ఏమనుకుంటడు? బోట్ బుక్ చేసింది మనం.”

రెండోరోజు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కెప్టెన్ భార్య ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండి తెచ్చింది. కొసరి కొసరి వడ్డించింది. అంత ప్రేమగా పెడుతుంటే ఇంకోటి ఎలా అడుగుతాం? మళ్లీ అదే మలుపు దగ్గర ఆగాం. నా భార్య సాయంత్రందాకా నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు పెగల్లేదు.

మూడోరోజు ఇంటర్వ్యూకి వెళ్లేవాడిలా ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకుని పైకి వెళ్లాను. గాలి హోరెత్తుతోంది. ఎలాగో చెప్పేశాను. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు.

“ఈ గాలిలో, దిబ్బ మీదికి చేర్చే చిన్న పడవ దించలేను సర్. మధ్యాహ్నానికి మీరు దిగిపోవాలి కూడా. రెండు రోజులూ మనం ఆగింది దాని పక్కనే. ఆ మలుపు తిరిగితే చాలు. మీరు అడగకపోతే, ఇసుక ఇష్టం లేదేమో అనుకున్నాను.”

తప్పంతా తనదే అన్నట్టు తలదించుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు విమానంలో ఉండబట్టలేక అన్నాను. “నువ్వన్న చెప్తే అయిపోతుండె గదా. దినమంత చైల్డ్‌కేర్ నౌకరిల ఇంగ్లిషే మాట్లాడ్తవ్.”

“నాకు రాక కాదు,” అంది కిటికీలోంచి చూస్తూ. “నాకోసం నువ్వొక్కసారి నోరు తెరుస్తవేమోనని చూసిన.”



వారం తర్వాత పడవవాళ్ల దగ్గర్నుంచి ఇంకో ఫారం వచ్చింది. ఏమైనా లోటు జరిగిందా? లేదు. భోజనం ఎలా ఉంది? చాలా బాగుంది. గబగబా నింపుకుంటూ పోయాను. చివరి ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. మీతో వచ్చినవారికి అన్నిటికన్నా ఏది నచ్చింది?

నా భార్య సోఫాలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

“నీకేం నచ్చింది? ఏం రాయాలె?” అని అడిగాను.

తలెత్తకుండానే చెప్పింది.

“నీ ఇష్టం.”