ఉన్నచోటే తిరిగిన బండి

ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. రోబోల క్లబ్బు పెట్టమని కిట్లు వచ్చినప్పుడు హెడ్మాస్టరు గారు వాటిని నాకు అప్పగించారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, పిల్లలకు అసలే చెప్పలేదు. ఇంట్లో ఫోన్లో వీడియోలు చూసి, మర్నాడు ఎప్పటినుంచో తెలిసినట్టు పాఠం చెప్పేదాన్ని.

ఎనిమిదో తరగతి పిల్లలు పదిమంది చేరారు. నేలమీద అంటించిన నల్ల టేపు వెంట దానంతటదే నడిచే చిన్న బండి చేయాలి. రెండు చక్రాలు, చక్రానికొక మోటారు. అన్నీ బిగించి స్విచ్ వేస్తే, బండి ముందుకు పోకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

"ప్రోగ్రాములో తప్పుంది," అన్నాను, ఏమీ చూడకుండానే.

మూడు రోజులు బడి వదిలాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అంకెలు మారుస్తూ పోయాను. పిల్లలు చుట్టూ నిలబడి చూసేవాళ్లు. నాలుగో రోజు స్టాఫ్‌రూముకు వెళ్లి వచ్చేసరికి బండి టేపు వెంట బుద్ధిగా పోతోంది. పక్కనే కూర్చున్న అమ్మాయి నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఏం చేశావు?"

"ఒక మోటారుకి తీగలు అటూ ఇటూ మార్చినాను టీచర్. ఒక చక్రం ముందుకి, ఇంకోటి వెనక్కి తిరగతా ఉండింది."

"నీకెలా తెలిసింది?"

"మా నాయన రొయ్యల గుంటల కాడ మోటార్లు బాగుచేస్తాడు. తీగలు మారితే నీళ్లు చిలికే చక్రాలు వెనక్కి తిరగతాయి. చూసినాను."

"ఇక్కడ ఎప్పుడు కనిపెట్టావు?"

తల వంచుకుంది. "మొదటి రోజే టీచర్."

"మరి చెప్పలేదేం?"

"మీరు ప్రోగ్రాములో తప్పుందన్నారు గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కోప్పడి ఊరుకునేదాన్నేమో. నెల్లూరు బస్సులో ఇంటికి పోతూ, ఈ ఇరవై ఏళ్లలో నా ముందు ఇలా తెలిసీ నోరు మూసుకున్న పిల్లలు ఎంతమందో అనుకున్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మర్నాడు క్లబ్బులో పదిమందినీ కూర్చోబెట్టి చెప్పాను. "నేను మోటార్లు చూడకుండానే తప్పు ఎక్కడుందో చెప్పేశాను. నాకు ప్రోగ్రామింగ్ కూడా కొత్తే. మీతోపాటే నేర్చుకుంటున్నాను." పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "మాకు తెలుసు టీచర్," అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ నవ్వు తర్వాత క్లబ్బులో గోల పెరిగింది. జిల్లా పోటీలో మా బండికి బహుమతి రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. బోర్డు మీద నేను గీసిన సర్క్యూట్ చూసి, "అది కాదు టీచర్," అని కూర్చున్నచోటి నుంచే అంటుంది. నాకు ఇప్పటికీ ఒక్క క్షణం చురుక్కుమంటుంది. తర్వాత చాక్‌పీసు తన చేతికిస్తాను.