వలయంలో పెద్దమ్మ పాట

కారంపూడి చుట్టుపక్కల ఊళ్లను కలుపుతూ ఫైబర్‌ను వలయంలా తిప్పింది నేనే. ఒకచోట జేసీబీ తెంపినా రెండో వైపు నుంచి ఇంటర్నెట్ వస్తుంది. ప్రతి ఊళ్లోనూ డేటాను దారి మళ్లించే పెట్టెకు పెద్ద బఫర్ ఇచ్చాను. అంటే రద్దీ వేళ ఒక్క ప్యాకెట్, అంటే డేటా ముక్క, కూడా పోకుండా వరుసలో నిలబెట్టే చోటు. నా నెట్‌వర్క్‌లో ఏదీ పోదని అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ని.

ఆ గొప్ప మా పెద్దమ్మ దగ్గర తేలిపోయింది. మా చర్చిలో క్రిస్మస్ పాటకు పల్లవి ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. ఆ ఏడు తుంటి ఎముక విరిగి, వలయంలో మాకు ఎదురుగా ఉన్న ఊళ్లో, కూతురింట్లో మంచం పట్టింది. అక్కడి నుంచే పాడిస్తానని మాటిచ్చాను. తీరా సాయంత్రం రిహార్సల్ పెడితే, ఆవిడ గొంతు వచ్చేసరికి మా డోలక్ ముందుకెళ్లిపోయేది. దారిలో ప్రతి ఊళ్లోనూ జనం సినిమాలు చూసే వేళ అది. ఆ రద్దీ వెనక ఆవిడ పాట వరుసలో నిలబడుతోంది. ఏదీ పోవడం లేదు, ఏదీ వేళకు రావడమూ లేదు. రికార్డు చేసి వినిపిద్దామని పాస్టర్‌గారు మెల్లగా అన్నారు.

"రికార్డయితే నేనెందుకురా? నాకు మీతో కలిసి పాడాలనుంది," అంది పెద్దమ్మ.

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వారమే ఒక పెళ్లిలో వడ్డిస్తున్నాను. మొదటి బంతికి మా ఊరివాళ్లే విస్తళ్ల ముందు చేరిపోతుంటే బాబాయి అడ్డం వచ్చాడు.

"లెగండ్రా. పొరుగూరోళ్లు ముందు. చానా దూరం పోవాల వాళ్లు."

మా వైపు అది మామూలే. కానీ సాంబారు బకెట్ చేతిలో ఉండగానే నాకు వెలిగింది. నా పెట్టెలు ఊరివాళ్లనూ, దారిన పోయేవాళ్లనూ ఒకే వరుసలో నిలబెడుతున్నాయి.

తిండి కూడా తినకుండా వెళ్లి పనిలో కూర్చున్నాను. అప్పటికే వలయంలో ప్రయాణిస్తున్న ప్యాకెట్‌ను ఏ ఊళ్లోనూ ఆపకూడదు. ఆ ఊళ్లో ఎక్కేదే ఆగాలి. పెట్టెలకు ఆ నియమం పెట్టాను. బఫర్లు కూడా బాగా తగ్గించాను. రద్దీలో కొన్ని పోతే పోనీ, సినిమా వాటిని మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది.

క్రిస్మస్ సాయంత్రం చర్చి కిక్కిరిసింది. స్పీకర్లో పెద్దమ్మ పల్లవి ఎత్తుకుంది, మావాళ్లు అందుకున్నారు. ఆనందం పట్టలేకపోయాను. రెండో చరణంలో ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. చర్చి అంతా నా వైపు తిరిగింది.

"ఒరేయ్, డోలక్ వెనకబడతంది. సరిగ్గా వాయించు."

డోలక్ వాయించే కుర్రాడు నిజంగానే తాళం తప్పాడు, అంత దూరం నుంచి ఆవిడ పట్టేసింది. పాపం వాడు తలొంచుకున్నాడు. నేను మాత్రం పాట అయ్యేదాకా ఛాతీ విరుచుకునే నిలబడ్డాను.