పావుగంట కృష్ణకుమార్

అరసికెరె కృష్ణకుమార్ అడిగిన ప్రశ్నకు తట్టుకోలేక ఒకరోజు సూర్యుడంతటివాడు పొద్దున ఏడు గంటలకు వెనక్కి తిరిగి కొండ దిగిపోయాడు. ఆ రోజు సోలార్ పార్కు మొత్తంలో కరెంటు పుట్టలేదు. సరే, దిగిపోలేదు, మబ్బు చాటుకు పోయాడు. కరెంటు కూడా కాస్త పుట్టింది. కానీ కిటికీలోంచి "వచ్చినావా?" అని అడిగి, పావుగంట ఆగి మళ్లీ "వచ్చినావా?" అంటే ఎవరు మాత్రం మొహం చూపిస్తారు?

ఆయన గుణం అదొక్కటే. ఏ జవాబునూ ఒక్కసారికి నమ్మడు. పావుగంట పోనిచ్చి, అదే ప్రశ్న అదే గొంతుతో మళ్లీ అడుగుతాడు. బస్సెక్కి "ఇది పావగడకేనా?" అంటాడు. కండక్టరు అవునంటాడు. పావుగంటకు మళ్లీ అడిగేసరికి ఒకసారి ఆ కండక్టరుకే అనుమానం వచ్చి, బస్సు ఆపించి, దిగి బోర్డు చదువుకుని వచ్చాడు.

పెళ్లిచూపుల్లోనూ అంతే. "నేను నచ్చినానా?" అన్నాడు. నేత్రావతి తలూపింది. ఉగ్గాని తిని, నీళ్లు తాగి, పావుగంటకు మళ్లీ, "నచ్చినానా?"

"ఇంగొక తూరి అడిగితే నచ్చరు" అంది నేత్రావతి.

ఆ పూటే ముహూర్తం పెట్టించేశాడు.

పార్కు ఆఫీసులో లెక్కలన్నీ దాచే సాఫ్ట్‌వేరును చూసుకోవడం ఆయన పని. పక్క కుర్చీ రత్నది. ఏ బ్లాకులో ఏం జరుగుతోందో తెరమీద చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. కృష్ణకుమార్ ప్రశ్నలు రెండేసిసార్లు వినడం అదనపు బాధ్యత.

"అన్నా, ఒకసారి చెప్తే చాలదా?" అని ఆమె ఒకరోజు విసుక్కుంది.

"చాలదు రత్నమ్మా. నువ్వు చెప్పింది నిజమే. అది ఎప్పటి నిజమో తెలియాల గదా."

మొన్నటి ఎండాకాలం ఆ ఆఫీసుకు రాయచెర్లు గుండమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎనిమిది మంది ఆడవాళ్లను వెంటేసుకుని ప్యానెళ్లు కడిగించే మనిషి. ఒక బ్లాకు కడగడం అయిపోగానే ఫోనులో 'కడిగాం' అని నొక్కుతుంది. నొక్కింది కూడా. కానీ సూపర్‌వైజరు శివరాజు తెరమీద ఏడో బ్లాకు నాలుగు రోజులుగా 'కడగలేదు' అనే చూపిస్తోంది. పోయి చూపిద్దామంటే నిన్నటి గాలికి ఎర్రదుమ్ము మళ్లీ కప్పేసింది.

"కడగకుండానే నొక్కినామంట సామీ! లెటరు రాసి పెట్టినాడు. రేపు పొద్దున సంతకం పెడితే తొమ్మిది మందిమీ ఇంటికే!"

"గుండక్కా, కడిగినారా?" అన్నాడు కృష్ణకుమార్.

"కడిగినాం."

ఆమెకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. పావుగంటయింది. "కడిగినారా?"

గుండమ్మ అంతెత్తున లేచింది. "నువ్వు గూడా నమ్మవా? కడిగినాం, కడిగినాం, కడిగినాం!"

"మూడుసార్లెందుకక్కా, రెండు చాలు" అని ఆయన పనిలో దిగాడు.

ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసిన బెంగుళూరు ఇంజనీర్లకు ఫోన్ చేస్తే, నిమిషానికి లక్ష ప్రశ్నలు వేసి పరీక్షించామనీ, ఒక్క తప్పూ రాలేదనీ చెప్పారు.

"అంత బిరబిరా అడిగితే తప్పు చేసేదానికి దానికి సందు యాడిది?" అన్నాడు కృష్ణకుమార్.

ఆ సాఫ్ట్‌వేరు అడిగిన ప్రతిసారీ అసలు రికార్డు దాకా పోదు. ఒకసారి తెచ్చుకున్న జవాబును చేతికింద దాచుకుని, అదే చెబుతుంటుంది. రికార్డు మారితే మాత్రం దాచుకున్నది పారేయాలి. పారేస్తోందా లేదా అన్నదే ప్రశ్న. ఆయన ఒక ప్రశ్న పంపి, దారిలో ఒకచోట దాన్ని పావుగంట ఆపేవాడు. ఈలోగా రత్న చేత 'కడిగాం' అని నొక్కించి, తర్వాత వదిలేవాడు. ఫలితం సరిగ్గానే వచ్చేది. మళ్లీ ఇంకోచోట ఆపేవాడు. అలా ఆ రోజంతా, మర్నాడంతా. ఆపినప్పుడల్లా "పావుగంట" అని కుర్చీలోంచి లేచిపోయేవాడు. ఆ తొమ్మిది మంది బతుకులు తీగమీద ఊగుతుంటే ఈయనకు ఈ షికార్లేమిటని రత్నకు ఒళ్లు మండింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి తెరమీద 'కడగలేదు' అని పడింది. రత్న కేక పెట్టింది. కృష్ణకుమార్ నవ్వాడు. పావుగంట ఆగి మళ్లీ చేశాడు. మళ్లీ పడింది. అప్పుడు శివరాజునూ గుండమ్మనూ పిలిపించాడు.

"గుండక్కా, మేక ఈనిందేమో చూసి రమ్మని మీ ఆయన మల్లేశప్పను మేకల దొడ్డికి పంపినావనుకో. ఆయన చూసినప్పుడు ఈనలేదు. తిరిగి వస్తా దోవలో బీడీ ముట్టించుకుని కూచున్నాడు. అంతలో మేక ఈనింది. నీకు ఫోనొచ్చింది, ఊరంతా తెలిసింది. అప్పుడు మీ ఆయన తీరుబడిగా వచ్చి 'ఇంకా ఈనలే' అన్నాడు. మా ప్రోగ్రాం కడాన వచ్చినోడి మాటే దాచిపెట్టుకుంటా ఉండాది."

"అయ్యో, అచ్చం మా ఆయన మాదిరే!" అంది గుండమ్మ.

శివరాజు జేబులోంచి లెటరు తీసి చింపేశాడు. "తప్పయిపోయింది గుండక్కా. అయినా నన్ను సంతకం పెట్టనిస్తే గదా ఈయప్ప! పొద్దున తొమ్మిదికి వచ్చి 'నిజంగా తీసేస్తావా శివరాజన్నా?' అన్నాడు. అవునంటి. తొమ్మిదీ పావుకు మళ్లీ. తొమ్మిదిన్నరకు మళ్లీ. పెన్ను మూత తీస్తే చాలు, వాకిట్లో నిలబడతాడు! పదకొండుకు 'చూస్తాంలే' అంటి. మధ్యాన్నానికి నామీద నాకే అనుమానమొచ్చి లెటరు మడిచి జేబులో పెట్టుకుంటి."

గుండమ్మ కృష్ణకుమార్ వైపు తిరిగింది. "మా కోసరం అన్నిసార్లు తిరిగినావా సామీ?"

"ఎవరు, నేనా? శివరాజన్నకు ఎండదెబ్బ తగిలినట్టుండాది" అన్నాడాయన, తెరమీంచి చూపు తిప్పకుండా. "నేను టీకి పోయినాను."

"నువ్వు టీ తాగవు గదన్నా!" అంది రత్న.

"అయితే టీకీ పోలేదు. యాడికీ పోలేదు. నేను ఈ కుర్చీలోంచి లేయనే లేదు. అంతా అబద్ధం."