తొగాషి గారి పక్క కుర్చీ
జపాన్‌లోని యమగాతాలో మా ఆస్పత్రి కంప్యూటర్ గదిలో తొగాషి గారు ఒంటరిగా పనిచేస్తారు, ఒంటరిగా టీ తాగుతారు, కప్పు మూడుసార్లు కడిగి బోర్లిస్తారు. మందుల చీటీల మీద పేర్లు తారుమారవుతున్నాయని, నిన్న ఒకరి గుండె మందు ఇంకొకరి చేతికి వెళ్లబోయిందని మందుల కౌంటర్‌లో పనిచేసే చిహారు వచ్చి చెబితే, ఆయన పదిసార్లు తానే పేరు కొట్టి మీట నొక్కి చూశారు. పదిసార్లూ సరిగ్గానే వచ్చింది.

“మీరొక్కరే నొక్కితే తప్పెలా దొరుకుతుందండీ? అక్కడ మేం ఇద్దరం ఒకేసారి నొక్కుతాం!” అంది చిహారు.

ఆయన ఇంకో కుర్చీ తెప్పించి ఆమెను పక్క తెర ముందు కూర్చోబెట్టారు. చెరో పేరు కొట్టి ఒకేసారి నొక్కారు. రెండు తెరల మీదా ఒకే పేరు వచ్చింది. తొగాషి గారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“పేరు ఉంచడానికి ఒకటే చోటు పెట్టానమ్మా. ఇద్దరొస్తే ఒకరిది చెరిగిపోతుంది. ఈ ప్రోగ్రామ్ నేను రాసిందే. అప్పుడు కౌంటర్ ఒక్కటే ఉండేది.”

సాయంత్రానికి సరిచేశారు. కుర్చీని మాత్రం తిరిగి పంపలేదు. ఇప్పుడు ఆ బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉంటాయి.