ఎనభై నాలుగు పాదాలు

2011 అక్టోబరు 10, సోమవారం నాడు నందికొట్కూరు శివార్లలో ఒక కాలేజీ మైదానంలో పదిరోజుల క్యాడెట్ శిబిరం మొదలైంది. అప్పట్లో నేను కర్నూలులో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. విద్యార్థినులకు సైనిక శిక్షణ ఇప్పించే బాధ్యత కూడా తీసుకున్న లెక్చరర్‌కు లెఫ్టినెంట్ హోదా ఇచ్చేవారు. పాఠాల రోజు చీర, పరేడ్ రోజు ఖాకీ. ఆ శిబిరంలో నా కింద నలభై ఇద్దరు అమ్మాయిలు ఒక కంపెనీగా, అంటే ఒక దళంగా, ఉన్నారు. శిబిరానికి అధిపతి ఒక కర్నల్. కడప జిల్లా మనిషి, ముప్పై ఏళ్ల సర్వీసు చేసినవాడు. గొంతు ఎత్తకుండా మాట్లాడేవాడు.

మొదటిరోజు స్టోరు నుంచి బూట్లు ఇచ్చారు. కోసిగి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుతున్న ఎస్తేరు అనే మా ఫిజిక్స్ ఫైనల్ ఇయర్ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈ బూట్లు పట్టవు. వేళ్లు మడుచుకుంటాండాయి," అంది. పక్కనున్న ఆలూరు పిల్ల ఊరుకోలేదు. "దానివి కోసిగి పాదాలు మేడమ్! చెప్పులే ఎరగవు, బూట్లకు యాడ లొంగుతాయి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు రోజులు తొడిగితే సాగుతాయిలే అని పంపేశాను. బూట్లు మార్చుకోవాల్సినవారి జాబితా అదేరోజు సాయంత్రం కర్నల్ ఆఫీసుకు వెళ్లాలి. మా కంపెనీ నుంచి 'నిల్' అని వెళ్లింది. మిగతా కంపెనీల జాబితాల్లో ఏడేసి, ఎనిమిదేసి పేర్లున్నాయి. మాది శుభ్రంగా ఉందని నాకు లోలోపల గర్వం కూడా కలిగింది.

ఎస్తేరు మంచి డ్రిల్ చేసేది. ఢిల్లీలో రిపబ్లిక్ డే పరేడ్‌కు వెళ్లే దళానికి ఎంపిక 18వ తేదీన అదే శిబిరంలో జరగాలి. మా కాలేజీ నుంచి పోటీకి నిలబడగలిగింది ఆమె ఒక్కతే. ఆమెకు అదే చివరి సంవత్సరం.

15వ తేదీ, శనివారం ఉదయం పన్నెండు కిలోమీటర్ల నడక పెట్టారు. అలాంటి నడక తర్వాత సైన్యంలో ఒక నియమం ఉంది. అందరూ బూట్లు, సాక్సులు విప్పి కూర్చోవాలి. అధికారి స్వయంగా వంగి మడమలు, వేళ్ల సందులు, గోళ్లు చూడాలి. బొబ్బలున్నవారిని చికిత్స గదికి పంపాలి. గంటలోపు నివేదిక ఇవ్వాలి. నేను నివేదిక ఇరవై నిమిషాల్లోనే ఇచ్చాను. చూసినది నలభై రెండు మందిని, లోపాలు నిల్.

నేను ఎవరి పాదాలూ చూడలేదు. వరుస ముందు నుంచి నడుచుకుంటూ, "ఎవరికైనా ఏమైనా ఉందా?" అని అడిగాను. లేదు మేడమ్ అన్నారు. మనిషికి ఒక నిమిషం చొప్పున నలభై రెండు నిమిషాలు పడుతుందని, భోజనం ఆలస్యమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. మాది పొలాలున్న కుటుంబం. ఆ వరుసలో చాలామంది మావంటి వాళ్ల పొలాల్లో కూలికి వచ్చే ఇళ్ల పిల్లలు. వాళ్ల ముందు నేల మీద కూర్చుని పాదాలు చేతిలోకి తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. ల్యాబులో రీడింగు తీయకుండా రికార్డు రాసుకొచ్చిన విద్యార్థినికి సున్నా వేసేదాన్ని నేను.

మర్నాడు ఉదయం డ్రిల్ జరుగుతోంది. ఎస్తేరు మూడు చుట్లు కుంటకుండా నడిచింది. ఆగమన్న ఆజ్ఞకు ఎడమకాలు నేలకేసి కొట్టగానే కూలబడింది. మైదానం అంచున ఉన్న కర్నల్ వచ్చి ఆమె ముందు మట్టిలో కూర్చున్నాడు. "ఏమ్మా, చూడచ్చునా?" అని అడిగి తానే లేసులు విప్పాడు. సాక్సు పుండుకు అతుక్కుని ఊడి రాలేదు. గోరువెచ్చని నీళ్లు తెప్పించి తడిపి తీశాడు. మడమ మీద చర్మం లేదు. రెండు వేళ్ల గోళ్లు లేచిపోయి ఉన్నాయి.

తల ఎత్తకుండానే, "మేడమ్, నిన్న ఎన్ని పాదాలు చూసినారు?" అని నన్నడిగాడు.

"ఎనభై నాలుగు సార్."

ఎస్తేరు నా ముఖం వైపు చూసింది. తర్వాత ఆయనతో, "మేడమ్ చూసినారు సార్. నేనే సాక్సు ఇప్పకుండా చూపిస్తి," అంది.

కర్నల్ ఆమెను చికిత్స గదికి పంపించాడు. గంట తర్వాత నన్ను ఆఫీసు టెంటుకు పిలిపించాడు. ఆ పిల్ల మీకోసం అబద్ధం చెప్పిందని మీకూ తెలుసు, నాకూ తెలుసు అన్నాడు. ఒప్పుకున్నాను. అప్పుడాయన తన సంగతి ఒకటి చెప్పాడు. కొత్తగా లెఫ్టినెంట్ అయినప్పుడు మంచుకొండల్లో ముప్పై మందికి ఆయన అధికారి. రోజూ సాయంత్రం ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగేవాడట. లేవు సాబ్ అనేవారట. ఒక జవానుకు మూడు కాలివేళ్లు తీసేయవలసి వచ్చింది. వేళ్లు నల్లబడ్డాయని ఆ జవానుకు నాలుగు రోజుల ముందే తెలుసు. "నేను అడిగే తీరులోనే 'లేదు' అనమని ఉండేది మేడమ్. ఆ పొద్దు నుంచి అడగడం మానేసినా. చూస్తా," అన్నాడు.

నా మీద ఫిర్యాదు కాగితం ఏమీ పెట్టలేదు. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం అన్నాడు. రేపు హాజరులో ఒప్పుకుంటానన్నాను.

ఆ సాయంత్రం మళ్లీ తనిఖీ పెట్టించాడు. మొదట తాను మగపిల్లల కంపెనీలో నేల మీద కూర్చుని చూశాడు. తర్వాత నేను కూర్చున్నాను. ఎస్తేరు చికిత్స గదిలో ఉంది కాబట్టి నలభై ఒక్కమంది. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. బొబ్బలు ఏడుగురికి, చీము పట్టిన వేలు ఒకరికి. బూట్లు సరిపోనివారు ఆరుగురు. అన్నీ నేను నిల్ అని రాసిన చోటే ఉన్నాయి.

డాక్టరు ఎస్తేరుకు వారం విశ్రాంతి రాశారు. 18న ఎంపిక జరిగింది. ఆమె చికిత్స గది కిటికీలోంచి చూసింది. శిబిరం ముగిసేలోపు ఆరుసార్లు హాజరు జరిగింది. ఆరుసార్లూ నేను పేర్లు పిలిచి, లెక్క సరిచూసి, పిల్లల్ని పంపేశాను. తప్పు ఒప్పుకోలేదు.

19న బస్సు ఎక్కేముందు మాత్రం ఎస్తేరును పక్కకు పిలిచి, నా కోసం అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. నామీద అభిమానమంటుందని అనుకున్నాను. ఆ మాట వినాలనే అడిగానేమో కూడా.

"ప్రాక్టికల్ మార్కులు మీ చేతిలో ఉండాయి గదా మేడమ్," అంది.

"బస్సెక్కు," అన్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు క్యాడెట్లతో పనిచేశాను. ప్రతి నడక తర్వాతా నేల మీద కూర్చుని పాదాలు చూశాను. దానివల్ల ఎస్తేరుకు ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు కొత్తగా ఈ బాధ్యత తీసుకున్న లెక్చరర్లు నాయకత్వం గురించి అడిగితే రెండే చెబుతాను. కింది వాళ్ల కష్టం నివేదికలో రాదు, కళ్లతో చూడాలి. మన తప్పును వాళ్లు అబద్ధమాడి కప్పారంటే, మన చేతిలో వాళ్లది ఏముందో మొదట చూసుకోవాలి.