వాలులో మొరాయించిన కారు

మా షెడ్డులో ఇంజను పని నాన్నది, కరెంటు పని మా మేనత్తది. అత్త నాన్నకి అక్క. వచ్చేపోయేవాళ్ళంతా ఆమెను ఎక్స్ఛేంజి అమ్మ అంటారు. వయసులో ఉన్నప్పటి నుంచీ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది మరి. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఒక ఊరి గొంతును ఇంకో ఊరి గొంతుతో కలపడం ఆమె ఉద్యోగం. ఏ లైనులో గరగర ఉందో, ఎవరి ఇంట్లో రిసీవరు పక్కన పడేసి ఉందో విని చెప్పేసేదట. తర్వాత మిషన్లు వచ్చాయి, ఎక్స్ఛేంజి గదికి తాళం పడింది. మామయ్య అప్పటికే లేడు. గోళ్ళు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చోవడం ఇష్టంలేక, నాన్న షెడ్డుకి వచ్చి ఫోనెత్తే పని పెట్టుకుంది.

ఒక రోజు స్టీరింగు ఎడమకి తిప్పితే చాలు, హారను మోగే కారొకటి వచ్చింది. నాన్న ముందు భాగమంతా విప్పి తల పట్టుకుని కూర్చున్నాడు. అత్త కుర్చీలోంచి లేచి, వైరు వెంట వేలు పోనిచ్చుకుంటూ వెళ్ళి, తోలు ఊడి ఇనుముకి తగులుతున్న చోటు చూపించింది. అదే మొదలు. ఆ తర్వాత కార్ల కరెంటు పని నేర్పే సాయంత్రం క్లాసులో చేరింది. మొదటి రోజు ఆమె గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలంతా టీచరనుకుని లేచి నిలబడ్డారట. "కూర్చోండర్రా, నేనూ మీ బాపతే" అని వెనక బెంచీలో సర్దుకుంది.

మొదట్లో కొందరు ఆమెని బండి ముట్టుకోనివ్వడానికి ఒప్పుకోలేదు. అత్త ఎవరితోనూ వాదించలేదు. గాజులూ ఉంగరమూ తీసి స్టీలు గిన్నెలో పెట్టడం, కళ్ళజోడు సర్దుకోవడం, మీటరు అందుకోవడం. అంతే. నవ్విన నాపచేనే పండింది. ఆ కొందరే తర్వాత నాన్నని దాటుకుని, "అమ్మగారు లేరా?" అని అడగడం మొదలుపెట్టారు.

అంత పేరు తెచ్చుకున్న అత్తని కూడా ముప్పుతిప్పలు పెట్టింది బస్సు పెద్దాయన కారు.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. బతుకంతా ఊళ్ళో జనాన్ని మోసి మోసి, చివరికి తనకంటూ ఒక చిన్న కారు కొనుక్కున్నాడు. భార్యకి తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. మళ్ళీ నడక నేర్పడానికి ఆసుపత్రి వాళ్ళు వారానికి కొన్ని పొద్దుటి పూటలు రమ్మన్నారు. సరిగ్గా ఆ పొద్దుటే కారు మొరాయించేది. తాళం తిప్పితే ముందు బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగేవి, మీటర్ల ముళ్ళన్నీ కింద పడేవి, ఇంజను మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొస్తే, నాన్న తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. బ్యాటరీ మార్చాం. స్టార్టరు విప్పి చూశాం. కంపెనీ షాపుకి తీసుకెళ్తే అక్కడా బుద్ధిగానే నడిచింది. లేని రోగానికి వాళ్ళు మాత్రం ఏం మందిస్తారు? కారు కంప్యూటరులో ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలి ఉంది: లోపలి ఎలక్ట్రానిక్ డబ్బాలకి ఒకదాని మాట ఒకదానికి అందలేదని.

ఇంకోసారి కూడా అలాగే జరిగేసరికి నాన్న చేతులెత్తేశాడు. ఈ కారుకి గాలేదో సోకిందనీ, ఇక దీన్ని తీసుకురావద్దని చెప్పేయమనీ అత్తతో అన్నాడు.

"అది మన దగ్గరికి రావడం కాదురా" అంది అత్త. "రోగం దాని ఇంట్లో ఉంది. మనమే వెళ్ళాలి."

ఈసారి ఆగిపోతే ఎవరినీ ముట్టుకోనివ్వద్దనీ, తోయొద్దనీ, వెంటనే ఫోను చేయమనీ పెద్దాయనకి చెప్పింది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే ఫోను రానే వచ్చింది. నేనూ నాన్నా అత్తని వ్యానులో ఎక్కించుకుని బయల్దేరాం.

వాళ్ళ వీధి నిటారుగా వాలు. కారు ముక్కు పైకి, వెనక భాగం కిందికి పెట్టి గేటు ముందు నిలబడి ఉంది. పెద్దావిడ ఇస్త్రీ చీరలో, చేతికర్రతో గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "తయారై కూర్చోవడమే నాకు వ్యాయామం అయిపోయిందమ్మా" అంది. నవ్వుతూనే అంది కానీ కాలు ఎంత బిగుసుకుపోయిందో కుర్చీలో కదిలేటప్పుడు తెలిసిపోయింది. అత్త ఆ కాలు వంక ఒకసారి చూసి, గాజులు తీయడం మొదలుపెట్టింది.

ఏం వెతుకుతున్నామో పెద్దాయనకి చెబితే గానీ ఆమెకి తోచదు. ఇప్పటి కార్లలో చిన్న చిన్న కంప్యూటరు డబ్బాలు చాలా ఉంటాయనీ, ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, తాళానికొకటి అనీ, అవన్నీ మెలివేసిన ఒకే ఒక్క వైర్ల జంట మీద మాట్లాడుకుంటాయనీ చెప్పింది. ఇది మన తాళమేనని తాళం డబ్బా చెబితేనే ఇంజను కదులుతుంది. ఆ మాట మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది.

"పాత రోజుల్లో నాలుగిళ్ళకి కలిపి ఒకటే ఫోను లైను ఉండేది కదండీ. ఒకరు రిసీవరు పక్కన పడేస్తే మిగతా ముగ్గురికీ మాట లేదు. ఇక్కడా ఎవరో పడేశారు."

నాన్న బ్యాటరీ వైరు ఊడదీశాడు. అత్త స్టీరింగు కింద ఉన్న సాకెట్టులో మీటరు పుల్లలు రెండూ గుచ్చి, మీటరు నా చేతికిచ్చింది. లైను బాగుంటే అరవై ఓములు చూపించాలి. పది కూడా చూపించలేదు. రెండు వైర్లూ ఎక్కడో ఒకదాన్నొకటి తాకుతున్నాయన్నమాట. అత్త మొహం వెలిగిపోయింది. షెడ్డులో ఎన్నిసార్లు కొలిచినా ఒద్దికగా అరవై చూపించిన కారు, ఇన్నాళ్ళకి దొరికిపోయింది.

కానీ ఎక్కడ? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అత్త పద్ధతి వేరు. ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే బయటికి పంపిస్తే, ఎవరు వెళ్ళాక ఇల్లు కుదుటపడుతుందో వాడే దొంగ. ఒక్కో డబ్బా ప్లగ్గూ ఊడదీస్తూ వచ్చింది. ప్రతిసారీ నావైపు చూడటం, నేను తల అడ్డంగా ఊపడం. బ్రేకుల డబ్బా కాదు. తలుపుల డబ్బా కాదు. ముందు బోర్డూ కాదు. ఎండ ఎక్కింది. పెద్దాయన గేటు దగ్గర అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. నాన్న వైర్లన్నీ మార్చేద్దామని గొణిగాడు. అత్త వినిపించుకోలేదు. డిక్కీ తెరిచి, పక్కగోడ అట్ట విప్పి, అడుగు మూలలోకి చెయ్యి పోనిచ్చింది.

"అక్కా, అది రివర్సులో కీచుమనే డబ్బా. స్టార్టుకీ దానికీ ఏం సంబంధం?" అన్నాడు నాన్న.

ఆమె ప్లగ్గు లాగింది. నా చేతిలో మీటరు ఒక్క గెంతు గెంతి అరవై దగ్గర నిలబడింది. నేను అరవై అని అరిచిన అరుపుకి ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

ప్లగ్గు నిండా నీళ్ళు. లోపలి ఇత్తడి ముళ్ళకి ఆకుపచ్చ చిలుము. వానలు పడి చాలా కాలమైంది, మరి నీళ్ళెక్కడివి? రాత్రి కారుని ఏం చేశారని అత్త పెద్దాయన్ని అడిగింది. ఏమీ చేయలేదన్నాడు ముందు. గుచ్చి గుచ్చి అడిగితే, వెనక అద్దానికి కారులో ఉన్న మీట నొక్కి నీళ్ళు కొట్టి, వైపరుతో శుభ్రంగా తుడిచానన్నాడు.

"రోజూ తుడుస్తారా?"

పెద్దాయన కాస్త నీళ్ళు నమిలాడు. రోజూ కాదట. మర్నాడు ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ముందురోజు సాయంత్రం తుడుస్తాడట. దుమ్ముకొట్టుకున్న కారులో ఆవిడని కూర్చోబెట్టడం ఇష్టంలేక.

అంతా తేలిపోయింది. అద్దానికి నీళ్ళు తీసుకెళ్ళే సన్నని గొట్టం అట్ట వెనక అతుకు దగ్గర ఊడి ఉంది. కొట్టిన నీళ్ళలో సగం లోపలికే కారి, వాలు వల్ల వెనక మూలకి చేరి, రాత్రంతా ఆ ప్లగ్గుని నానబెడుతున్నాయి. తాడు కట్టి లాక్కొస్తే దారిలో కుదుపులకి జారిపోయి, షెడ్డుకి చేరేసరికి ఆరిపోతున్నాయి.

"అయితే నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది మీ ప్రేమేనన్నమాట" అంది పెద్దావిడ. పెద్దాయన ఎటు చూడాలో తెలియక కారు టైరు వంక చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అత్త చిలుము గీకి, ప్లగ్గు ఆరబెట్టి, గొట్టం అతికించి క్లిప్పు బిగించింది. డబ్బాని పైకి, తడి అందని చోటికి మార్చింది. నాన్న ప్లగ్గులూ బ్యాటరీ వైరూ మళ్ళీ తగిలించి స్టార్టు చేయబోతే ఆగమంది. ముందు వెనక అద్దం మీద నీళ్ళ తొట్టి ఖాళీ అయ్యేదాకా కొట్టించి, డిక్కీ మూల వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు తాళం పెద్దాయన చేతికే ఇచ్చింది.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నాన్న వీధి మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అత్తని నాన్న అలా మెచ్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పెద్దావిడ కర్ర పట్టుకుని తనంతట తానే కారు దాకా నడిచి ముందు సీట్లో కూర్చుంది. ఆసుపత్రి వేళకి ముందే చేరారని తర్వాత ఫోనొచ్చింది.

కథ అక్కడితో అయిపోతుందనుకున్నాం. కొన్నాళ్ళకి పెద్దాయన షెడ్డుకొచ్చి, రుణం ఎలా తీర్చుకోవాలో చెప్పమని అత్తని అడిగాడు. అత్త చేతిలో మీటరు పక్కన పెట్టింది. తర్వాత నాన్నకి వినబడకుండా చెప్పిందట, ఇన్ని కార్లు బాగుచేసింది కానీ ఒక్కటీ నడపడం రాదని.

అంతమందిని మోసిన మనిషికి శిష్యురాలు దొరికితే వదులుతాడా? ఖాళీ మైదానంలో మొదలుపెట్టించాడు. క్లచ్చి అంటే బెదిరిన మనిషి, నెమ్మదిగా గేర్లతో స్నేహం చేసుకుంది. పరీక్ష ప్యాసై లైసెన్సు తెచ్చుకున్న వారమే, పెద్దావిడని ఆసుపత్రికి తనే తీసుకెళ్తానంది. నేనూ నాన్నా చూడటానికి వెళ్ళాం. పెద్దావిడ ముందు సీట్లో, పెద్దాయన వెనక. వాలు మధ్యలో బండి ఆగిపోయింది. వెనక లారీ హారను కొట్టింది. నాన్న పరిగెత్తబోతే నేను చొక్కా పట్టుకుని ఆపాను. అత్త తొందరపడలేదు. హ్యాండ్‌బ్రేకు లాగి, మళ్ళీ స్టార్టు చేసి, క్లచ్చి కొద్దికొద్దిగా వదిలింది. కారు ఒకసారి వణికి, కదిలి, వాలంతా ఎక్కేసింది.

మలుపు దగ్గర అత్త మావైపు చూసి చెయ్యి ఊపబోయింది.

"రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలమ్మా" అన్న పెద్దాయన బస్సు గొంతు వీధంతా వినిపించింది.