పగలని గుడ్లు, పగిలిన తీర్పు

మోటారు కనిపిస్తే ఎడ్లు బెదిరి పొలాల్లో పడే కాలం అది. బస్తర్ సంస్థానంలో అలాంటి రోజుల్లో నన్ను మోటారు పందేనికి జడ్జిని చేశారు. నాకున్న అర్హత ఒక్కటే: ఏ పనైనా కాగితం మీద గళ్లు గీసి మొదలుపెట్టేవాణ్ణి. (అప్పటికి నేను మోటారు ఎక్కి ఎరగను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

భోపాల్‌పట్నం కచేరీలో కొత్త గుమాస్తాను. ఉత్తరాలతో పాటు జనాన్నీ ఎక్కించుకునే జగదల్‌పూర్ టపా మోటారుకు డ్రైవరు కావాలి. పర్మనెంటు నౌకరీ. ఆశపడ్డవాళ్లు ఇద్దరు, ఇద్దరూ కలప లారీలు నడిపేవాళ్లే. ఒకరు మా మేనమామ. నేను తినేది ఆయనింటి అన్నమే. రెండోవాడు బక్కోడు అని అందరూ పిలిచే యువకుడు. మద్దేడ్ నుంచి మా కచేరీ దాకా ఇద్దరూ లారీలు తోలుకొస్తారు, ఎవరు బాగా నడిపారో నేను తేల్చాలి. "సిర్ఫ్ తేజ్ గాదు, సంభాల్‌కే, జాగ్రత్తగ నడిపినోడు గావాలె," అన్నారు మా కచేరీ సాహెబు. ముందురోజు మామ నా కంచంలో మరో గరిటె నెయ్యి పోసి, "తిను అల్లుడా, జడ్జివి గదా," అన్నాడు.

అది అంగడి రోజు. మామే ముందొచ్చాడు, ఖాళీ లారీతో, ఎర్ర దుమ్ములో మునిగి. "చెయ్యెత్తినోళ్లందర్నీ ఎక్కించుకుంటె అది పందెమెట్లయితదిర?" అన్నాడు. బక్కోడు మాత్రం ఒక్కరినీ వదల్లేదు. చాలాసేపటికి అంగడి జనంతో, కోళ్లతో, ఒక మేకతో వచ్చి దిగాడు. దారిలో ఎలా నడిపాడో నేను చూడలేదు కనుక దిగినవాళ్లను విచారించాను. గోండీ, హల్బీ, దోర్లీ, ఎవరి భాషలో వాళ్లు అందరూ మెచ్చుకున్నారు. (ఊరికే తెచ్చినవాణ్ణి ఎవరు తిడతారు?) ఒక ముసలవ్వ బుట్టలోని ఎండు ఇప్పపువ్వులోంచి ఒక్కో గుడ్డూ తీసి చూపించింది. "చూడు బిడ్డా, ఒక్కటన్న పగిలిందా?"

ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి! బక్కోడే ఉత్తమ డ్రైవరని ప్రకటించాను. సాహెబు తలూపారు. మామ ఏదో అనబోయాడు. బుట్టకేసి చూశాడు, నాకేసి చూశాడు. "మంచిదిర. ఎన్నడన్న నువ్వే ఎక్కుతవు గదా. ఎక్కు," అని వెళ్లిపోయాడు. నా కంచంలో నెయ్యి ఆగిపోయింది.

కొన్నాళ్లకు కచేరీ పని మీద ఆ టపా మోటారు ఎక్కాను. బక్కోడు గుంతలను వెతికి వెతికి పట్టుకుంటున్నాడు. నా తల కప్పుకు కొట్టుకోవడం, నేను పక్కనున్నవారి ఒళ్లో పడటం, ఇదే ప్రయాణం. ఆ పక్కనున్నది అదే అవ్వ, ఒళ్లో అదే బుట్ట.

"అయ్యో అవ్వా, గుడ్లు!" అన్నాను.

"గుడ్లకేందయితది? ఇప్పపువ్వుల పెట్టినంక మోటారు బోర్ల పడ్డా పగలయి. మేమెప్పుడూ గట్లనే తెస్తం. నువ్వు పైలం బిడ్డా!"

బొప్పితో ఇల్లు చేరాను. "ఏందిర జడ్జీ, నెత్తికేమైంది?" అన్నాడు మామ.

"గుమ్మం తగిలింది మామా."

ఆయన పసుపు నూరి మెల్లగా పట్టు వేశాడు. వేస్తూ వేస్తూ, "గుడ్లు మంచిగున్నయా?" అన్నాడు.

ఆ పూట నెయ్యి మళ్లీ వచ్చింది. నా డైరీలో మాత్రం "ప్రయాణం క్షేమం" అని రాసుకున్నాను. ఇప్పుడు దువ్వుకోవడానికి జుట్టు లేదు గాని, చెయ్యి అలవాటుగా ఆ బొప్పి కట్టిన చోటికి పోయి ఆగుతుంది. గళ్లు గీసుకుని నిలబడ్డ ఆ జడ్జిగారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మామ ఉంటే ఆయనా నవ్వేవాడు.